కొత్త సూది ఒక్కటే చాలదు

2009 డిసెంబరులో స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలో హెరాయిన్ ఇంజెక్షన్లు వేసుకునే కొందరు ఒకరి తర్వాత ఒకరు ఆసుపత్రుల్లో చేరారు. సూది గుచ్చుకున్న చోట చెయ్యో తొడో విపరీతంగా వాచిపోయింది. అంత వాపుకు ఉండాల్సిన నొప్పి లేదు. మామూలు చీముగడ్డే కదా అని కోసి చూసిన సర్జన్లకు చీము కనిపించలేదు. నీరు పట్టి ఉబ్బిన కండ, ఆగని రక్తస్రావం కనిపించాయి. ల్యాబ్‌లో మొలిచిన క్రిమి ఆంథ్రాక్స్. మేకలకు, గొర్రెలకు వచ్చే జబ్బు. విశాఖ మన్యంలో జబ్బుపడి చచ్చిన పశువుల మాంసం ముట్టుకున్నవాళ్లకు సోకి అప్పుడప్పుడూ వార్తల్లోకి వచ్చేది ఇదే. అది యూరప్‌లోని ఒక మహానగరంలో, పశువుల మొహం చూడని మనుషుల ఒంట్లో బయటపడింది.

ఏడాది పాటు సాగిన ఆ ఉపద్రవంలో ఒక్క స్కాట్లండ్‌లోనే 119 మందిని బాధితులుగా లెక్కగట్టారు. 14 మంది చనిపోయారు. తర్వాత జన్యు పరీక్షలు చేస్తే, ఆ ఆంథ్రాక్స్ టర్కీ మేకల్లో కనిపించిన రకానికి దగ్గరిదని తేలింది. అఫ్గానిస్తాన్ నుంచి టర్కీ మీదుగా యూరప్‌కు వచ్చే సరుకు దారిలో ఎక్కడో జంతు చర్మాన్ని తాకి ఉంటుందని పరిశోధకుల అంచనా. ఆంథ్రాక్స్ బీజాలు మొండివి. హెరాయిన్‌ను చెంచాలో కాచినంత మాత్రాన చావవు.

గ్లాస్గోకు అది మొదటి దెబ్బ కూడా కాదు. 2000 వేసవిలో క్లాస్ట్రీడియం నోవీ అనే మట్టి క్రిమి ఇదే దారిలో ఒళ్లలోకి చొరబడి బ్రిటన్, ఐర్లాండ్‌లలో వంద మందికి పైగా సోకింది. 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఇలాంటి వింత జబ్బు వచ్చినప్పుడల్లా పత్రికల్లో పతాక శీర్షికలు వచ్చాయి, నిపుణుల బృందాలు దిగాయి. దిగాల్సిందే. కానీ అవే వార్డుల్లో, అవే ఏళ్లలో, ఏ పత్రికకూ ఎక్కకుండా అంతకు ఎన్నో రెట్ల మందిని మంచాన పడేసిన క్రిమి మరొకటి ఉంది. దాని పేరు స్టెఫైలోకాకస్ ఆరియస్. అది ఏ సరిహద్దూ దాటి రానక్కర్లేదు. పదిమందిలో ముగ్గురి ముక్కులో అది ఏ హానీ చేయకుండా కాపురం ఉంటుంది.

మత్తు ఇంజెక్షన్లు వేసుకునేవాళ్ల ఆరోగ్యం గురించి మన దేశంలో మాట వస్తే, అది నేరుగా హెచ్‌ఐవీ దగ్గరికి పోతుంది. కాస్త ఓపికుంటే హెపటైటిస్ సీ దాకా వెళ్తుంది. ఆ రెండూ ఒకరి రక్తం ఇంకొకరి ఒంట్లోకి చేరితే వచ్చేవి. అందుకే ‘ఒకరి సూది ఇంకొకరు వాడొద్దు’ అనే మాట చుట్టూ మొత్తం కార్యక్రమం అల్లుకుంది. బ్యాక్టీరియాకు ఆ రెండో మనిషి అక్కర్లేదు. ఎవరి సూది వాళ్లు వాడుకున్నా, తలుపేసుకుని ఒంటరిగా ఉన్నా, సొంత చర్మం మీది క్రిమి సొంత రక్తంలోకి దిగడానికి ఒక్క పోటు చాలు. వైరస్ కోసం గీసుకున్న పథకం బ్యాక్టీరియాను పట్టుకోలేదు. ఈ సంగతి ఒప్పుకుని కార్యక్రమాన్ని సరిదిద్దుకోవాల్సిన సమయం వచ్చింది.

ఆసుపత్రిలో నర్సు ఇంజెక్షన్ ఇచ్చే తీరు చూడండి. చేతులు కడుక్కుంటుంది. స్పిరిట్ దూదితో చర్మం తుడిచి, అది ఆరేదాకా ఆగుతుంది. సీలు తీసిన సూది వాడుతుంది. పొడి మందు కలపాలంటే డిస్టిల్డ్ వాటర్ ఆంపుల్ విరుస్తుంది. ఫ్లైఓవర్ కిందో పాడుబడ్డ క్వార్టర్స్‌లోనో సూది పట్టుకున్న మనిషికి వీటిలో ఒక్కటీ ఉండదు. కుళాయి నీళ్లలో సూడోమొనాస్ ఉండొచ్చు. గోధుమరంగు హెరాయిన్ కరగడానికి పులుపు కావాలి. నిమ్మరసం వాడితే అందులో పెరిగే క్యాండిడా అనే ఫంగస్ రక్తం గుండా కంట్లోకి చేరి చూపు దెబ్బతీసిన కేసులు 1980లలో స్పెయిన్‌లోనూ గ్లాస్గోలోనూ నమోదయ్యాయి. సూది మొనను నాలుకతో తడిపే అలవాటున్నవాళ్ల రక్తంలోకి నోటిలోని స్ట్రెప్టోకాకస్‌లు పోతాయి. పదేపదే వాడిన సూది మొద్దుబారి చర్మాన్ని చీలుస్తుంది. పోలీసులు వస్తారేమోనన్న హడావుడిలో గుచ్చుకుంటే నరం తప్పి కండలో దిగుతుంది. అక్కడే గడ్డ కడుతుంది.

రక్తంలో పడ్డ క్రిమి సిరల వెంట ముందుగా గుండె కుడి పక్కకు చేరుతుంది. అక్కడి ట్రైకస్పిడ్ కవాటం మీద పేరుకుని పెరుగుతుంది. డాక్టర్లు దీన్ని ఎండోకార్డైటిస్ అంటారు. గుండె కొట్టుకునేకొద్దీ ఆ పెరుగుదల నుంచి ముక్కలు తెగి ఊపిరితిత్తుల్లోకి పోయి పడతాయి. మనిషికి తెలిసేది మాత్రం చలి జ్వరం, దగ్గు, ఛాతీలో పోటు. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల్లో అక్కడక్కడా మచ్చలు, కొన్నిటి నడుమ గుల్లలు. క్షయ ఇంత ఎక్కువగా ఉన్న దేశంలో ఆ ఫిల్మ్ చూడగానే ఎవరికైనా మొదట తట్టేది టీబీయే. ఇంకొందరిలో క్రిమి వెన్నుపూసలో దాక్కుంటుంది. నడుము నొప్పి, దానితోపాటు జ్వరం. నొప్పి మాత్రలతో నెల గడిపేసరికి చీము వెన్నుపామును నొక్కి, కాళ్లు చచ్చుబడిన స్థితిలో ఆసుపత్రికి వస్తారు.

దీన్ని తేల్చే పరీక్ష ఖరీదైనదేమీ కాదు. యాంటీబయోటిక్ మొదలుపెట్టకముందే వేర్వేరు చోట్ల నుంచి మూడుసార్లు రక్తం తీసి కల్చర్ సీసాల్లో పోయాలి. అయితే మన దగ్గర జ్వరం వచ్చిన మనిషి పెద్దాసుపత్రి గడప తొక్కేలోగా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరో, వీధి చివర మందుల షాపులోనో రెండు మూడు రకాల యాంటీబయోటిక్‌లు పడిపోయి ఉంటాయి. ఆ తర్వాత సీసాలో ఏమీ మొలవదు. భారతీయ ఆసుపత్రుల ఎండోకార్డైటిస్ కేసుల్లో కల్చర్ నెగెటివ్‌లు ఎక్కువగా ఉండడానికి ఇదొక పెద్ద కారణం. పైగా గుండె కవాటం జబ్బు అనగానే మన వైద్యులకు చిన్నప్పటి కీళ్లవాతం గుర్తొస్తుంది. ‘ఇంజెక్షన్లు వేసుకుంటావా?’ అన్న ప్రశ్న పేషెంటును అడగరు. అడిగినా పోలీసు అడిగినట్టు అడుగుతారు. నిజం బయటికి రాదు.

ఈ జబ్బును కళ్లు తెరిచి లెక్కపెట్టిన దేశం అమెరికా. అదీ ఆలస్యంగానే. అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2018లో వేసిన లెక్క ప్రకారం, మామూలు మందులకు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ రకం స్టెఫైలోకాకస్ ఒంట్లో లోతుగా పాకే ముప్పు, ఇంజెక్షన్లు వేసుకునేవాళ్లకు ఇతరుల కంటే 16 రెట్లు ఎక్కువ. అలాంటి కేసుల్లో వీళ్ల వాటా 2011లో నూటికి నాలుగు. 2016 నాటికి తొమ్మిది దాటింది. నార్త్ కరోలినా రాష్ట్రంలో మత్తు వ్యసనంతో ముడిపడిన ఎండోకార్డైటిస్‌తో ఆసుపత్రిలో చేరేవాళ్లు 2010 నుంచి 2015 మధ్య పన్నెండు రెట్లకు పైగా పెరిగారు. వాళ్ల ఆసుపత్రి ఖర్చు ఏడాదికి 11 లక్షల డాలర్ల నుంచి 2 కోట్ల 22 లక్షల డాలర్లకు చేరింది. నొప్పి మాత్రల వ్యసనం హెరాయిన్‌కు, హెరాయిన్ ఫెంటానిల్‌కు దారితీసిన కాలం అది. అధిక మోతాదుతో చనిపోయినవాళ్ల సంఖ్య ప్రతి సాయంత్రం టీవీలో కనిపించేది. కవాటం పాడై చనిపోయినవాళ్లది కనిపించలేదు.

ఖర్చు పెరగడం ఒక ఎత్తు. ఆ ఖర్చు దేనికి పోయిందన్నది ఇంకో ఎత్తు. బోస్టన్‌లోని ఒక బోధనాసుపత్రిలో ఈ జబ్బుతో చేరిన 102 మంది రికార్డులు తిరగేసి 2016లో ఒక పరిశోధన పత్రం వెలువడింది. వాళ్లలో 26 మంది చనిపోయారు. చనిపోయినవాళ్ల వయసు మధ్యస్థంగా 41 ఏళ్లు కూడా లేదు. ఆరు వారాల పాటు సెలైన్‌లో యాంటీబయోటిక్‌లు, ఎకోలు, స్కాన్‌లు, కొందరికి గుండె ఆపరేషన్లు అన్నీ జరిగాయి. కానీ డిశ్చార్జ్ చేసేటప్పుడు వ్యసనానికి మందు ఇచ్చే ఏర్పాటు ఉన్నది నూటికి ఎనిమిది మందికి లోపే. గుండెలోకి క్రిమిని పంపిన కారణాన్ని ముట్టుకోకుండా గుండెను బాగుచేసి ఇంటికి పంపడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. 2015లో క్లీవ్‌లాండ్ క్లినిక్ సర్జన్లు తమ రోగుల లెక్క చూసుకుంటే అదే తేలింది. కవాటం ఆపరేషన్ తర్వాత మూడో నెలకూ ఆరో నెలకూ మధ్య, మరణమో మళ్లీ ఆపరేషనో జరిగే ముప్పు ఇంజెక్షన్లు వేసుకునేవాళ్లకు ఇతరుల కంటే పది రెట్లు ఉంది. ఆపరేషన్ టేబుల్ మీద ఏ లోపమూ లేదు. ఇంటికి వెళ్లాక పాత అలవాటు, దానితో పాటు పాత క్రిమి తిరిగి వచ్చాయి.

ఆసుపత్రి మంచం మీద ఏం జరుగుతుందో కొంచెం దగ్గరగా చూడాలి. హెరాయిన్ అలవాటైన మనిషికి చివరి డోసు తర్వాత అర పూట గడిచేసరికి ఆవులింతలు మొదలవుతాయి. కళ్ల వెంట, ముక్కు వెంట నీళ్లు కారతాయి. రోమాలు నిక్కబొడుచుకుంటాయి. ఎముకలు విరుస్తున్నట్టు ఒళ్లు నొప్పులు, వాంతులు, విరేచనాలు. రెండో రోజుకు, మూడో రోజుకు అది భరించలేనంత అవుతుంది. ఏళ్ల తరబడి గుచ్చుకుని ఎండిపోయిన చేతుల్లో నర్సుకు నరం దొరకదు. నాలుగు చోట్ల గుచ్చి విసుక్కుంటుంది. పక్క మంచం వాళ్లకు విషయం తెలిసి, మూట సర్దుకుని అటు జరుగుతారు. రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్ యాంటీబయోటిక్ మోతాదు చూసి వెళ్లిపోతాడు. విత్‌డ్రాయల్‌కు మందు రాయడు. అది సైకియాట్రీ వాళ్ల పని, వాళ్లకు రిఫరెన్స్ పంపాలి, వాళ్లు రేపు వస్తారు. ఆ రాత్రే పేషెంటు సొంత పూచీ మీద సంతకం పెట్టి వెళ్లిపోతాడు. కేస్‌షీట్ మీద లామా, అంటే వైద్యుల సలహా కాదని వెళ్లిపోయాడు అని రాస్తారు. చేతిలో ఒక్క మాత్ర కూడా పెట్టరు. మాట వినకుండా పోయేవాడికి మందులెందుకన్నది వాడుకలో ఉన్న ధోరణి.

ఈ ధోరణికి ఎంత మూల్యం చెల్లించాల్సి వస్తుందో సెయింట్ లూయిస్ నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రి వైద్యులు 2020లో లెక్కతో చూపించారు. సెలైన్ కోర్సు మధ్యలో వెళ్లిపోయినవాళ్లలో నోటి మాత్రలు కూడా లేకుండా పోయినవాళ్లు మూడు నెలల్లో నూటికి 69 మంది మళ్లీ ఆసుపత్రిలో పడ్డారు. మాత్రలు చేతికిచ్చి పంపినవాళ్లలో మూడింట ఒక వంతు మందే తిరిగొచ్చారు. కోర్సు మొత్తం ఆసుపత్రిలో పూర్తిచేసుకున్నవాళ్లలోనూ దాదాపు అంతమందే. అంటే వెళ్లిపోయేవాడి చేతిలో ఒక మాత్రల పొట్లం పెట్టినా తేడా వస్తుంది. డెన్మార్క్‌లో 400 మంది ఎండోకార్డైటిస్ రోగుల మీద జరిగి 2019లో వెలువడిన పరిశోధన, స్థిమితపడ్డ రోగిని సెలైన్ నుంచి మాత్రలకు మార్చినా ఫలితం తగ్గదని రుజువు చేసింది. అయితే ఆ 400 మందిలో ఇంజెక్షన్లు వేసుకునేవాళ్లు ఐదుగురే. ఎవరికి ఆ సౌకర్యం అందరికంటే ఎక్కువ అవసరమో, పరిశోధనలో వాళ్లే అందరికంటే తక్కువ.

అమెరికా ఇప్పుడు దారి మార్చుకుంటోంది. ఇలాంటి రోగిని గుండె వైద్యుడు, ఇన్ఫెక్షన్ నిపుణుడు, సర్జన్, వ్యసన వైద్యుడు కలిసి చూడాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో చెప్పింది. వ్యసనానికి వాడే బ్యూప్రినార్ఫిన్ రాయాలంటే డాక్టర్‌కు ప్రత్యేక అనుమతి ఉండాలన్న నిబంధనను ఆ దేశం 2022 డిసెంబరు చివర్లో ఎత్తేసింది. మామూలు జనరల్ వార్డు డాక్టరే మొదటి రోజు ఆ మాత్ర మొదలుపెట్టొచ్చు. ఒళ్లు నొప్పులు తగ్గిన మనిషి మంచం దిగి పారిపోడు. ఆరు వారాల కోర్సు పూర్తవడానికి మొదటి షరతు అదే.

బయట, ఆసుపత్రికి రాకముందు చేయాల్సిన పనికీ నమూనాలున్నాయి. బ్రిటన్ 2003లో చట్టం సవరించి, డాక్టర్లు, ఫార్మసిస్టులు, మత్తు బాధితులతో పనిచేసేవాళ్లు స్పిరిట్ స్వాబ్‌లు, శుద్ధమైన నీటి ఆంపుల్స్, సిట్రిక్ యాసిడ్ పొట్లాలు ఇవ్వడానికి అనుమతించింది. కుళాయి నీరు, నిమ్మకాయ చేసే హాని తెలిసి చేసిన సవరణ అది. కెనడాలోని వాంకూవర్‌లో 2003లో తెరిచిన ఇన్‌సైట్ అనే, పర్యవేక్షణలో ఇంజెక్షన్ వేసుకునే కేంద్రంలో నర్సులు ఉంటారు. ఎర్రబడిన చెయ్యి చూసి వాళ్లు సమయానికి ఆసుపత్రికి పంపిన రోగులు అక్కడ గడిపింది మధ్యస్థంగా నాలుగు రోజులు. నర్సు కంటపడకుండా ఆలస్యంగా చేరినవాళ్లు పన్నెండు రోజులు. గ్లాస్గో కూడా 2025 జనవరిలో అలాంటి కేంద్రాన్ని తెరిచింది.

మన దేశం సంగతికి వస్తే, ఇక్కడ మత్తు ఇంజెక్షన్ల కథ మణిపూర్‌లో మొదలైంది. మయన్మార్ సరిహద్దు దాటి వచ్చిన ‘నంబర్ ఫోర్’ హెరాయిన్ 1980లలో అక్కడి కుర్రకారును పట్టుకుంది. 1990 నాటికి వాళ్లలో హెచ్‌ఐవీ బయటపడింది. స్వచ్ఛంద సంస్థలు ముందు కదిలాయి. సూదుల పంపిణీ, నాలుక కింద పెట్టుకునే బ్యూప్రినార్ఫిన్ క్రమంగా జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కార్యక్రమంలోకి వచ్చాయి. పంజాబ్ ‘చిట్టా’ అనే హెరాయిన్ దెబ్బకు తల్లడిల్లి, 2017లో ‘ఓట్’ పేరుతో వ్యసన చికిత్స క్లినిక్‌లు తెరిచి ఔట్‌పేషెంట్ పద్ధతిలోనే మాత్రలు ఇవ్వడం ప్రారంభించింది. మెచ్చుకోదగ్గ పనులే. కాకపోతే మొత్తం వ్యవస్థకు పుట్టుక హెచ్‌ఐవీ. కొలమానం కూడా హెచ్‌ఐవీయే. ఏ రాష్ట్రంలో ఇంజెక్షన్లు వేసుకునేవాళ్లలో హెచ్‌ఐవీ ఎంత శాతమో చెప్పే లెక్కలున్నాయి. చీముగడ్డలకు చికిత్స చేయాలని మార్గదర్శకాల్లో రాసి ఉంది. కానీ ఆ గడ్డల్లో ఎన్ని రక్తంలోకి పాకాయో, ఎన్ని కవాటాలు తిన్నాయో ఎవరూ గణించరు.

‘ఇది ఈశాన్యం గొడవ, పంజాబ్ గొడవ, మన దగ్గర ఉన్నదల్లా గంజాయే’ అనేవాళ్లు తెలుగు రాష్ట్రాల్లో చాలామంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వెలువడింది. దేశంలో మత్తు ఇంజెక్షన్లు వేసుకునేవాళ్లు దాదాపు 8.5 లక్షల మంది అని అది అంచనా వేసింది. వాళ్ల సంఖ్య ఎక్కువగా ఉన్న రాష్ట్రాల జాబితాలో ఉత్తరప్రదేశ్, పంజాబ్, ఢిల్లీలతో పాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పేర్లూ ఉన్నాయి. మన దగ్గర ఎక్కువగా నడిచేది వీధి హెరాయిన్ కాదు, మందుల షాపు వెనక దారిన వచ్చే ఆంపుల్. పెంటాజోసిన్ లాంటి నొప్పి ఇంజెక్షన్ పదేపదే వేసుకుంటే కండ చెక్కలా గట్టిపడుతుంది, చర్మం మీద మానని పుండ్లు పడతాయి. హైదరాబాద్‌లో ఇటీవలి సంవత్సరాల్లో పోలీసులు పదేపదే పట్టుకున్నది మెఫెంటెర్మైన్. ఆపరేషన్ థియేటర్‌లో పడిపోయిన బీపీని నిలబెట్టడానికి వాడే మందు, జిమ్‌లో ఇంకో గంట బరువులెత్తించే ‘బూస్టర్’గా అమ్ముడవుతోంది. జిమ్ కోసం దాన్ని కొనే కుర్రాడు తనను మత్తు బాధితుడిగా అనుకోడు. సూదుల పంపిణీ చేసే సంస్థ అతని దగ్గరికి పోదు. అతను తీసుకునేది హెరాయిన్ లాంటి ఓపియాయిడ్ కాదు కాబట్టి బ్యూప్రినార్ఫిన్ అతనికి పనికిరాదు. కానీ బాత్‌రూమ్‌లో, చెమట పట్టిన చర్మం మీద, తుడవకుండా గుచ్చుకునే సూదికి క్రిమి ముప్పు ఎవరికైనా ఒకటే.

ఇక అభ్యంతరాల సంగతి. సూదులు, స్వాబ్‌లు ఇవ్వడమంటే వ్యసనాన్ని పోషించడమే కదా అని తల్లిదండ్రులు అడుగుతారు. వాళ్ల బాధలో న్యాయముంది. దానికి సమాధానం ఎడిన్‌బరాలో దొరుకుతుంది. 1980ల ఆరంభంలో ఆ నగరంలో పోలీసుల ఒత్తిడితో సిరంజీల అమ్మకం ఆగిపోయింది. వ్యసనం ఆగలేదు. ఉన్న సిరంజీ చేతులు మారింది. ఒక డాక్టర్ల బృందం తమ దగ్గరికి వచ్చే హెరాయిన్ బాధితుల రక్తం పరీక్షిస్తే సగం మందిలో హెచ్‌ఐవీ ఉందని 1986లో బయటపడింది. అదే స్కాట్లండ్‌లో, పక్కనే ఉన్న గ్లాస్గోలో అప్పటికి అది చాలా తక్కువ. సూది దొరక్కుండా చేస్తే అలవాటు మానరని, ఉన్నదాన్నే అరగదీస్తారని ఎడిన్‌బరా చూపించింది. వైరస్ విషయంలో ప్రపంచం నేర్చుకున్న ఆ పాఠం చర్మం, నీరు, పుండు విషయంలోనూ వర్తిస్తుంది.

రెండో అభ్యంతరం డబ్బు గురించి. చేజేతులా తెచ్చుకున్న జబ్బుకు ప్రజల సొమ్ము ఎందుకు? సిగరెట్లు కాల్చి గుండెపోటు తెచ్చుకున్నవాడికి ఆరోగ్యశ్రీ స్టెంట్ వేయిస్తుంది, ఎందుకు కాల్చావని అడగదు. అడగకూడదు కూడా. కవాటం మార్పిడి కూడా ఆ పథకంలో ఉన్నదే. అలాంటప్పుడు లక్షలు పోసి కవాటం మార్చే ప్రభుత్వం, ఆ కవాటాన్ని కాపాడే మాత్రకు, పది కలిపినా ఒక టీ ఖరీదు చేయని స్వాబ్‌లకు వెనకాడడంలో పొదుపు ఏముంది? నైతికత పక్కన పెట్టి పద్దు రాసుకున్నా లెక్క తేలదు.

మూడోది కాస్త గట్టి అభ్యంతరం. బ్యూప్రినార్ఫిన్ కూడా ఓపియాయిడే, దాన్ని పొడిచేసి ఇంజెక్షన్‌గా వాడుకున్న దాఖలాలు మన దేశంలోనే ఉన్నాయి, విచ్చలవిడిగా వదిలితే కొత్త తలనొప్పి. నిజమే. అందుకే ఆ మాత్రలను డీఅడిక్షన్ కేంద్రాలకే పరిమితం చేశారు. రోజూ కళ్లముందే నాలుక కింద పెట్టించే పద్ధతి పెట్టారు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఇంటికి కొన్ని రోజుల మోతాదు ఇవ్వడానికి అనుమతించాల్సి వచ్చింది. కానీ ఇక్కడ అడుగుతున్నది బజారులో అమ్మమని కాదు. ఇరవై నాలుగు గంటలూ నర్సు ఉండే వార్డులో, నాలుక కింద పెట్టి కరిగేదాకా చూసే మోతాదు. మార్ఫిన్ ఆంపుల్‌ను తాళం వేసి రిజిస్టర్‌లో రాసి వాడుకునే ఆసుపత్రికి ఈ మాత్ర లెక్క చూసుకోవడం కష్టం కాదు.

చట్టం అడ్డు అనే మాట కూడా చెల్లదు. మత్తుమందు వాడకం 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద నేరమే. కానీ చికిత్సకు స్వయంగా ముందుకొచ్చిన బాధితుడికి శిక్ష నుంచి రక్షణనిచ్చే 64ఏ సెక్షన్ ఆ చట్టంలోనే ఉంది. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నియంత్రణ చట్టం 22వ సెక్షన్ ఇంకా స్పష్టం. హెచ్‌ఐవీ ముప్పు తగ్గించడానికి చేసే ప్రత్యామ్నాయ మందుల చికిత్స, సురక్షిత ఇంజెక్షన్‌కు కావాల్సిన సామగ్రి సరఫరా నేరం కాదని అది చెబుతోంది. ఆ సామగ్రి అంటే సూది, సిరంజీ మాత్రమే అని అర్థం చేసుకోనక్కర్లేదు. స్వాబ్, శుద్ధమైన నీరు, చేతులు కడుక్కునే సబ్బు కూడా అందులోకి వస్తాయనుకోవచ్చు.

చేయాల్సినవి లెక్కపెడితే నాలుగైదే. జ్వరంతో వచ్చిన యువకుడిని ‘ఎప్పుడైనా ఇంజెక్షన్ వేసుకున్నావా తమ్ముడూ, జిమ్ కోసమైనా సరే’ అని నెమ్మదిగా, పక్కకు పిలిచి అడగడం, అవునంటే యాంటీబయోటిక్‌కు ముందే మూడు కల్చర్లు తీయడం. గాంధీ, ఉస్మానియా, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్ లాంటి బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలు ఉన్నాయి. మెడికల్ వార్డులో చేరిన రోజే వాళ్లు వచ్చి విత్‌డ్రాయల్‌కు మందు మొదలుపెట్టేలా, డిశ్చార్జ్ రోజున దగ్గర్లోని ప్రత్యామ్నాయ మందుల చికిత్స కేంద్రంలో పేరు నమోదయ్యేలా ఏర్పాటు చేయడం. సంతకం పెట్టి వెళ్లిపోయేవాడి చేతికి కల్చర్ రిపోర్టుకు సరిపోయే నోటి మాత్రలు, తిరిగి రావడానికి ఒక తేదీ ఇవ్వడం. సూదుల పంపిణీ సంస్థల సంచిలో స్వాబ్‌లు, నీటి ఆంపుల్స్ చేర్చి, వారానికి రెండు రోజులైనా పుండు చూసే నర్సును పెట్టడం. మరణ ధ్రువపత్రంలో ‘సెప్సిస్’ అని రాసి ఊరుకోకుండా, దాని వెనక సూది ఉంటే ఆ మాటా పేరు బయటపడకుండా లెక్కల్లోకి ఎక్కించడం.

వీటికి కొత్త శాఖ అక్కర్లేదు. రెండు రాష్ట్రాల్లోనూ వైద్య విద్య సంచాలకుడు, ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ప్రాజెక్ట్ డైరెక్టర్ కలిసి కూర్చుని ఒక ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది. గంజాయి, డ్రగ్స్ మీద నిఘాకు రెండు ప్రభుత్వాలూ ఈగల్ పేరుతో ప్రత్యేక దళాలు పెట్టి, ఫోన్ నంబర్లు ఇచ్చి, కాలేజీల్లో ప్రతిజ్ఞలు చేయిస్తున్నాయి. ఆ నంబర్లకు వచ్చే సమాచారం పోలీసుల వైపు పోతుంది. వ్యసనం నుంచి బయటపడాలనుకునేవాళ్ల కోసం జాతీయ స్థాయిలో 14446 అనే టోల్‌ఫ్రీ నంబర్ ఉంది. దానికి ఫోన్ చేసినవాళ్లతో కౌన్సెలర్ అలవాటు గురించి, కుటుంబం గురించి మాట్లాడతారు. ఆ ప్రశ్నల వరసలో ఇంకో రెండు చేర్చడానికి పైసా ఖర్చు లేదు: వారం నుంచి జ్వరం వస్తోందా, నడుములో నొప్పి ఉందా? రెండిటిలో దేనికి అవునన్నా ఆ మనిషిని అదే రోజు రక్తం కల్చర్ చేయగల ఆసుపత్రికి పంపించాలి. అక్కడ ఎవరిని కలవాలో పేరు చెప్పి పంపించాలి.